ఎడమకు వాలిన అక్షరాలు, ఆరు పేజీల రిపోర్టు

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మావారు బ్యాంకులో పనిచేస్తారు. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. చదువులో మరీ వెనకబడినవాడేం కాదు. కానీ ఈ మధ్య వీక్లీ టెస్టుల్లో మార్కులు తగ్గాయి, ఇంట్లో మాటలు కూడా తగ్గించేశాడు. మావారి స్నేహితుడొకాయన చెబితే, చేతిరాత చూసి మనస్తత్వం చెప్పే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. గీతల్లేని తెల్ల కాగితం మీద వాడి చేత 'నా గురించి' అని ఇంగ్లీషులో ఒక పేజీ రాయించుకున్నారు. కింద సంతకం పెట్టించారు. వారం తర్వాత రంగుల అట్టతో ఆరు పేజీల రిపోర్టు ఇచ్చారు. 'టి' అక్షరానికి అడ్డగీత బాగా కిందకు పెడుతున్నాడు కాబట్టి పెద్ద లక్ష్యాలు లేవట. అక్షరాలు ఎడమకు వాలుతున్నాయి కాబట్టి మనసు విప్పడట, గతంలోనే ఉండిపోతాడట. 'ఓ' లోపల మెలికలున్నాయి కాబట్టి నిజాలు దాచే స్వభావమట. రాత మారిస్తే స్వభావం మారుతుందని నలభై రోజుల సాధన చెప్పారు. సంతకం కూడా మార్చుకోమన్నారు. ఆరు వేలు కట్టాం, ఇంకో తొమ్మిది వేలు కట్టాలి. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ 'నిజాలు దాచే స్వభావం' అన్న మాట చదివిన దగ్గర్నుంచి మావారు వాడి బ్యాగూ ఫోనూ వెతుకుతున్నారు. వాడు నాతో కూడా ముభావంగా ఉంటున్నాడు. కోర్టులే చేతిరాతను సాక్ష్యంగా తీసుకుంటాయి, సైన్సు కాకపోతే ఎలా తీసుకుంటాయని మావారి వాదన. వాడు రాసిన పేజీ, రిపోర్టు జిరాక్సులు జతచేశాను. ఇందులో నిజమెంత? మిగతా డబ్బు కట్టాలా? అన్నట్టు, వాడిది పుట్టుకతో ఎడమచేతి వాటం.

- ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు డబ్బు సంగతి. ఆ తొమ్మిది వేలు కట్టకండి. మిగతాది తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో సర్దిచెప్పుకోవాల్సింది మీరు. మీవారు బ్యాంకు మనిషి, ఊరికే 'అదంతా ఉత్తిదే' అంటే వినరు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే ముక్కను మీరు చిట్టచివర 'అన్నట్టు' అని కలిపారు. వాడిది ఎడమచేతి వాటమని. రిపోర్టంతా వెతికాను. ఆరు పేజీల్లో ఎక్కడా వాడు ఏ చేత్తో రాస్తాడన్న ప్రస్తావనే లేదు. గ్రాఫాలజీని, అంటే చేతిరాతను బట్టి స్వభావం చెప్పే ఈ విద్యను, నమ్మి శ్రద్ధగా చేసేవాళ్లు కూడా మొదట అడిగేది వయసు, ఏ చేత్తో రాస్తారన్నది. ఆ విద్య లెక్కన చూసినా మీకిచ్చింది అరకొర పనే.

తెలుగైనా ఇంగ్లీషైనా రాత ఎడమ నుంచి కుడికి సాగుతుంది. కుడిచేతివాళ్లు కలాన్ని లాక్కుంటూ పోతారు. రాసిన అక్షరం ఎప్పటికప్పుడు వెనక కనపడుతూ ఉంటుంది. ఎడమచేతివాళ్లు కలాన్ని తోసుకుంటూ పోవాలి, పైగా రాసినదాని మీదుగానే చెయ్యి జరుగుతుంది. జెల్ పెన్నయితే చిటికెన వేలి పక్కంతా సిరానే. మీ వాడి అరచేతి అంచు ఓసారి చూడండి, సాయంత్రానికి నీలంగానో నల్లగానో ఉంటుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు మణికట్టును కొక్కెంలా వంచి వరస పైనుంచి రాస్తారు, కొందరు కాగితాన్నే పక్కకు తిప్పుకుంటారు. ఈ తంటాలన్నిటి తర్వాత అక్షరం నిటారుగానో, ఎడమకు వాలో పడటం మామూలు. అందులో గతమూ లేదు, మనసు మూసుకోవడమూ లేదు.

ఎడమచేతి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గాంధీగారు 1909 నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్తూ ఓడలోనే 'హింద్ స్వరాజ్' రాశారు. కుడిచెయ్యి అలసిపోతే ఎడమచేత్తో సాగించారు. 275 పేజీల రాతప్రతిలో 40 పేజీలు ఎడమచేత్తో రాసినవే. వాలును బట్టి మనిషిని చెప్పే లెక్కయితే ఆ నలభై పేజీలకూ విడిగా ఇంకో రిపోర్టు తయారుచేయాలి. పైగా తన చేతిరాత బాగుండదని ఆయన జీవితాంతం బాధపడ్డారు, దస్తూరి బాగాలేకపోవడం చదువు సగంలో ఆగినదానికి గుర్తు అని ఆత్మకథలో రాసుకున్నారు కూడా. మీ వాడికి ఈ సంగతి చెప్పండి, ముచ్చటపడతాడు.

ఇక 'టి' అడ్డగీత. ఈ పిల్లలందరూ నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్ది వచ్చినవాళ్లు. ఒక్కో స్కూల్లో ఒక్కో కర్సివ్. 'టి'ని పూర్తిగా పై గీతదాకా తీసుకెళ్లమనే టీచరు ఒకరు, కొంచెం కిందే ఆపి అడ్డం గీయమనే టీచరు ఇంకొకరు. ఒకటో తరగతిలో ఎవరి దగ్గర దిద్దాడో, దానికి పదహారేళ్ల వయసులో ఆశయాల గుర్తని పేరు పెట్టారు. 'ఓ' లోపలి మెలికా అంతే. కర్సివ్‌లో ముందు అక్షరం నుంచి చెయ్యి ఎత్తకుండా వచ్చి సున్నా చుట్టి మళ్లీ పక్క అక్షరంలోకి పోవాలి. తొందరలో రాస్తే మెలిక పడుతుంది. టైమర్ పెట్టి రాయించే కాలేజీలో చదివే కుర్రాడికి పడకపోతే వింత.

ఇంకో చిన్న పని చెయ్యండి. వాడి పదో తరగతి తెలుగు నోట్సు ఏ అటక మీదో ఉంటుంది (ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతానికి మారే ఉంటాడు, మన కాలేజీల ఆచారం అది). దాన్ని దింపి ఆ ఇంగ్లీషు పేజీ పక్కన పెట్టి చూడండి. తెలుగులో 'టి' అడ్డగీత లేదు, 'ఐ' మీద చుక్క లేదు, 'వై' కింద వేలాడే తోక లేదు. తలకట్టు ఉంది, గుడి ఉంది, కొమ్ముంది, కింద ఒత్తులున్నాయి. తలకట్టు పైకి ఎగరగొట్టేవాడికి ఆశయాలెక్కువని గానీ, ఒత్తు విడిగా పెట్టేవాడు ఎవరితోనూ కలవడని గానీ మిషోఁ ఎక్కడా చెప్పలేదు. చెప్పడానికి ఆయన తెలుగు చూసి ఉండడు. ఆ నియమాలన్నీ ఫ్రాన్సులో, జర్మనీలో రోమన్ లిపి చూసి కట్టుకున్నవి. అయితే మీ వాడు ఇంగ్లీషు రాసేటప్పుడు ఒక మనిషి, తెలుగు రాసేటప్పుడు ఇంకో మనిషా?

మిషోఁ ఎవరంటారా, ఫ్రాన్సులో ఒక మతగురువు. 'గ్రాఫాలజీ' అన్న పేరు పెట్టి 1870ల్లో దీన్ని ఒక శాస్త్రంలా నిలబెట్టిన వ్యక్తి. అంతకు చాలా ముందే, 1622లో, ఇటలీలో కామిల్లో బాల్ది అనే పండితుడు ఉత్తరాన్ని బట్టి రాసినవారి స్వభావం పట్టడం గురించి రాసిన ఒక గ్రంథం అచ్చయింది. మిషోఁ పద్ధతి సూటిగా ఉండేది: ఈ గుర్తుంటే ఈ గుణం, గుర్తు లేకపోతే దాని వ్యతిరేక గుణం. ఆయన తర్వాత వచ్చిన క్రెపియూ-జామిన్ దీన్ని ఒప్పుకోలేదు. ఒక్క గుర్తుకు ఒక్క అర్థం ఉండదు, మొత్తం రాతను బట్టి అర్థం మారుతుంది అన్నాడు. వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంటుంది గానీ, ఆ మాటతో గ్రాఫాలజీ తప్పని నిరూపించే దారి మూసుకుపోయింది. తప్పు దొరికిన ప్రతిసారీ 'మీరు మొత్తం చూడలేదు' అనొచ్చు. మీకు రిపోర్టిచ్చినాయన మాత్రం మిషోఁ కాలంలోనే ఆగిపోయినట్టున్నారు.

ఇంతకీ ఆ నియమాలు మనకు నిజంలా ఎందుకు తోస్తాయో చూడండి. వరస పైకి పోతే ఆశావాది, కిందికి దిగితే నిరాశ. అక్షరాలు ఇరుకుగా ఉంటే పిసినారి, ఎడం ఎడంగా ఉంటే చెయ్యి పెద్దది. పెద్ద అక్షరాలు అహంకారం, చిన్న అక్షరాలు అణకువ. ఇవన్నీ ఎవరో జనాన్ని పరిశీలించి తేల్చినవి కావు, పోలికను పట్టుకుని అల్లినవి. పోలిక బాగా కుదిరింది కాబట్టి ఎప్పుడో విన్నట్టే అనిపిస్తుంది, తలూపేస్తాం. గీతల్లేని కాగితం మీద రాయమంటే ఎవరి వరసైనా పైకో కిందికో పోతుంది. బల్ల ఎత్తును బట్టి, కాగితం తిప్పుకున్న తీరును బట్టి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అమ్మా, మీవాడు ఆ పేజీలో ఏం రాశాడో మీరిద్దరూ చదివారా? వాలు సంగతి అడగడం లేదు, రాసిన మాటల సంగతి. జిరాక్సు నా ముందుంది. పొద్దున ఆరింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వస్తానని, వచ్చాక ఎవరితోనూ మాట్లాడాలనిపించదని రాశాడు. టెన్త్ ఫ్రెండ్స్ అందరూ వేరే వేరే క్యాంపస్‌లకు వెళ్లిపోయారని, ఆ రోజులు బాగుండేవని రాశాడు. పెద్ద ర్యాంకు రాకపోయినా పర్లేదు, ఎక్కడో ఒక చోట సీటొస్తే చాలు అని రాశాడు. ఆఖరి వరసలో, మార్కులు తగ్గినప్పుడు ఇంట్లో చెప్పాలంటే భయమేస్తుందని రాశాడు.

ఇక రిపోర్టు తియ్యండి. మనసు విప్పడు. గతంలో ఉండిపోతాడు. పెద్ద లక్ష్యాలు లేవు. నిజాలు దాస్తాడు. నాలుగూ వాడు తన నోటితో చెప్పినట్టు కాగితం మీద పెట్టినవే. వాటికి 'టి' అనీ 'ఓ' అనీ ముసుగేసి, కొంచెం చేదు కలిపి, మీకు తిరిగి అమ్మారు. ఆ చేదు ఏమిటో గమనించండి: వాడు 'భయం' అన్నదాన్ని రిపోర్టు 'స్వభావం' అంది. భయపడే పిల్లాడి దగ్గర ఎవరైనా కూర్చుంటారు. దాచే స్వభావమున్నవాడి బ్యాగు వెతుకుతారు.

ఆయన కావాలని మోసం చేశారని అనను. చాలామంది దీన్ని నిజాయితీగానే నమ్ముతారు, చదివిన మాటలు తమ తీర్పులోకి జారడం వాళ్లకే తెలియదు. ఈ సంగతి పరిశోధనల్లోనూ బయటపడింది. ఇజ్రాయెల్లో ఉద్యోగాల ఎంపికకు గ్రాఫాలజిస్టుల్ని వాడటం ఒకప్పుడు బాగా అలవాటు. 1989లో అక్కడి పరిశోధకులు నెటెర్, బెన్-షఖర్ అప్పటిదాకా జరిగిన 17 అధ్యయనాలను కలిపి చూశారు. అభ్యర్థులు తమ గురించి తాము రాసుకున్న కాగితాలు ఇచ్చినప్పుడు గ్రాఫాలజిస్టులు కొంత సరిగా చెప్పారు. బాగానే ఉంది. కానీ అవే కాగితాలు గ్రాఫాలజీ ఓనమాలు కూడా రానివాళ్లకిస్తే వాళ్లూ అంత బాగానూ, కొన్నిచోట్ల ఇంకా బాగానూ చెప్పారు. వాళ్లు చూసింది రాతను కాదు, రాసినదాన్ని. సొంత సంగతులేమీ లేని పాఠం రాయించి ఇచ్చేసరికి నిపుణుల జోరు దాదాపు సున్నాకు పడిపోయింది.

ఇదేమంత కొత్త పరీక్ష కూడా కాదు. పిల్లల తెలివిని కొలిచే పరీక్షను తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బినే 1906లోనే గ్రాఫాలజిస్టుల్ని కూర్చోబెట్టి పరీక్షించాడు. రాసింది ఆడా మగా అన్నది వాళ్లు గుడ్డిగా చెప్పేదానికన్నా మెరుగ్గానే చెప్పారు. అయితే ఆ ఒక్కటీ మామూలు జనమూ చెప్పగలరు, మీరూ నేనూ చెప్పగలం. స్వభావం దగ్గరికొచ్చేసరికి గ్రాఫాలజిస్టులు ఆ మాత్రం నిలకడ చూపించలేకపోయారు.

'మూడో పేజీలో రాసింది అచ్చం మా వాడే' అని మీవారు అనొచ్చు. ఆ పేజీలో ఉన్నదిది: వీడిలో ఇంకా బయటపడని శక్తి చాలా ఉంది, పైకి ధైర్యంగా ఉన్నా లోపల కలత పడతాడు, నలుగురూ తనను మెచ్చుకోవాలని కోరుకుంటాడు. అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 1948లో తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే కాగితం, అందులో మాటలు ఆయన పత్రికల దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నవి. ఆ కాగితంలోనూ బయటపడని శక్తి ఉంది, లోపలి కలత ఉంది, నలుగురి మెప్పూ ఉంది. కృష్ణ ఒడ్డున ఘాట్ల దగ్గర చిలక తీసిచ్చే కార్డు కూడా ఇదే పనిచేస్తుంది. కాకపోతే దానికి స్పైరల్ బైండింగూ రంగుల అట్టా ఉండవు, పది ఇరవైతో పోతుంది.

కోర్టు సంగతి. మీవారు అడిగినది న్యాయమైన ప్రశ్నే, చాలామందికి ఉన్న గందరగోళమే. కోర్టులో చేతిరాత నిపుణుణ్ని అడిగేది 'ఈ సంతకం ఫలానావాళ్లదేనా' అని. 'ఫలానావాళ్లు ఎలాంటివాళ్లు' అని కాదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 45వ సెక్షన్ నిపుణుల అభిప్రాయానికి చోటిచ్చింది, 73వ సెక్షన్ కోర్టే రాతలు పోల్చి చూసుకునే వీలు కల్పించింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ ఏర్పాట్లున్నాయి. హైదరాబాద్‌లో వివాదాస్పద పత్రాలు పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయమే ఉంది. అక్కడ పోల్చడానికి పక్కన నమూనా ఉంటుంది. అనుమానమున్న సంతకం, ఒప్పుకున్న సంతకం, రెండూ భూతద్దం కింద. అయినా ఆ అభిప్రాయాన్ని కోర్టులు ఆచితూచే తీసుకుంటాయి.

ఎందుకంటే అక్కడా ఘోరాలు జరిగాయి. 1894లో ఫ్రాన్సు సైన్యంలో కెప్టెన్ డ్రేఫస్‌ను దేశద్రోహి అన్నారు. ముఖ్యమైన ఆధారం జర్మన్లకు చేరిన ఒక చీటీలోని రాత. బెర్టియోఁ అని నేరస్థుల ఒంటి కొలతలు తీయడంలో పేరు మోసినాయన, చేతిరాత ఆయన విద్య కాదు, వచ్చి సాక్ష్యం చెప్పాడు. రాత పోలినచోట అది డ్రేఫస్‌దే. పోలనిచోట దొరక్కుండా ఉండటానికి డ్రేఫస్ తన రాతను తానే మార్చుకున్నాడు! ఇటు తిప్పినా దోషే, అటు తిప్పినా దోషే. ఆ చీటీ రాసింది ఎస్తర్‌హాజీ అనే ఇంకో అధికారి అని తేలి, డ్రేఫస్ మీద మచ్చ పూర్తిగా పోయేసరికి 1906 వచ్చింది. మీ ఇంట్లోనూ ఆ వరసే మొదలైనట్టుంది. బ్యాగులో ఏమైనా దొరికితే దాస్తున్నాడు, దొరక్కపోతే బాగా దాస్తున్నాడు.

మీవారికి ఇంకా సూటిగా తగిలే మాట ఒకటుంది. రోజూ చెక్కుల మీద సంతకాలు సరిచూస్తారు కదా. సంతకం చూసి 'ఇది మన ఖాతాదారుడిదే' అని చెప్పగలరు, నేను కాదనను. అదే సంతకం చూసి వీడు అప్పు ఎగ్గొడతాడు, వీడు కట్టేస్తాడు అని ఏనాడైనా చెప్పారా? సంతకం కింద గీత చూసి లోను ఇచ్చేయొచ్చంటే బ్యాంకులకు ఇన్ని జీతం స్లిప్పులెందుకు, ఐటీ రిటర్న్‌లెందుకు, సిబిల్ స్కోరెందుకు? ఆయన ఆఫీసులో ఒప్పుకోని లెక్కను ఇంట్లో కొడుకు మీద ఎందుకు ఒప్పుకుంటున్నారో అడగండి. కోపంగా కాదు, కాఫీ ఇచ్చి అడగండి.

మా గుంటూరు వైపు రిజిస్ట్రారు ఆఫీసుల దగ్గర పాత దస్తావేజు లేఖరుల రాత చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది, ముత్యాలు పేర్చినట్టుంటుంది. ఆ ముత్యాలతోనే దొంగ దస్తావేజులు రాసిన ఘనులూ ఉన్నారు. కొత్తపేటలో డాక్టర్ల చీటీలైతే మందుల షాపువాళ్లకు తప్ప నరమానవుడికి అర్థం కావు. ఆ బాధ పడలేకే మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఆ గిలుకుడు రాసిన చేతులే ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో మనకు తెలుసు.

చేతిరాతను బట్టి ఏమీ తెలియదని మాత్రం అనుకోకండి. పెద్దవాళ్లలో అక్షరాలు నెలనెలకూ చిన్నవైపోతుంటే, వరస చివరికి వచ్చేసరికి మరీ కుంచించుకుపోతుంటే అది పార్కిన్సన్స్ జబ్బు లక్షణం కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించాలి. చేతి వణుకు రాతలో తెలిసిపోతుంది. తెలివైన పిల్లాడు నోటితో చక్కగా చెప్పి కాగితం మీద మాత్రం నానా అవస్థా పడుతుంటే డిస్‌గ్రాఫియా ఏమో చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అది కూడా లెక్కలోకి వస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం అడిగే వీలుంది. మీ వాడి పేజీలో నాకు అలాంటిదేం కనపడలేదు. చదవడానికి బాగానే ఉంది, కొంచెం తొందర ఎక్కువ.

రాత బాగుంటే మార్కులు పడతాయన్న మాటా నిజమే. స్పాట్ వాల్యుయేషన్లో కట్టల కొద్దీ పేపర్లు దిద్దే లెక్చరర్ కళ్లకు తేలిగ్గా అందే పేపరు మీద కాస్త దయ ఎక్కువ ఉంటుంది. జవాబు ఒకటే అయినా చక్కటి రాతకు ఎక్కువ మార్కులు పడతాయని పరిశోధనలూ చెబుతున్నాయి. జేఈఈ, ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే రాస్తారు కాబట్టి వాటికి బాధ లేదు, ఇంటర్ బోర్డు పేపర్ల కోసం రాత కొంచెం కుదురు చేసుకోవచ్చు. అందుకు నలభై రోజుల సాధనా తొమ్మిది వేలూ అక్కర్లేదు. బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్లి, జెల్ పెన్ను మానిపించి, సిరా త్వరగా ఆరే బాల్ పెన్నులు నాలుగు రకాలు కొనివ్వండి. ఏది చేతికి కుదిరితే అది. కాగితం పై అంచు కుడికి వాలేలా కొంచెం తిప్పుకుని, పెన్ను మొనకు కాస్త పైన పట్టుకోమనండి, రాసింది కనపడుతుంది, చెయ్యి వంచక్కర్లేదు. క్లాసులో బెంచీకి ఎడమ చివర కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి తగలదు. రాత బాగుపడితే పేపరు బాగుపడుతుంది. స్వభావం మారుతుందన్నదానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఇంకా మీవారికి నమ్మకం కుదరకపోతే ఒక పందెం వేసుకోండి. మీ అపార్టుమెంట్లో అదే వయసు పిల్లలు నలుగురిని అడిగి, మీ వాడితో కలిపి ఐదుగురి చేతా ఒకే వార్తాపత్రికలోని ఒకే పేరా రాయించండి. పేర్లొద్దు, సంతకాలొద్దు, ఎవరి గురించీ ఒక్క మాట వద్దు. అవి పట్టుకెళ్లి ఐదు రిపోర్టులు రాయమనండి. అందులో ఏది ఎవరిదో ఐదుగురు తల్లులూ పోల్చుకోగలిగితే అప్పుడు ఆలోచిద్దాం. ఆయన ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఇక పిల్లాడి మాట. మీవారిని ఒక ఆదివారం వాడి కాలేజీ స్టడీ అవర్ మాన్పించి, ఇద్దర్నే బయటికి వెళ్లమనండి. బ్యారేజీ మీదికో, భవానీ ద్వీపానికో, ఎక్కడికైనా సరే. మొదటి మాట ఆయనే అనాలి: నీ బ్యాగు వెతికాను, ఇక వెతకను. మార్కుల మాట ఆ రోజుకు వద్దు. వాడు వెంటనే కరిగిపోతాడని అనుకోకండి, పదహారేళ్లవాడు అంత తేలిగ్గా లొంగడు. కానీ మార్కులు తగ్గాయని ఇంట్లో చెప్పడానికి భయమేస్తుందని రాసినవాడికి, చెబితే ఏమవుతుందో చూపించాల్సింది మీరే. తర్వాతి టెస్టు మార్కులు ఎంతొచ్చినా ముందు 'తిన్నావా' అని అడగండి.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తన మీద తనకే విసుగు, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట, వీటిలో ఏది కనపడినా ఆగకండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. లేదంటే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన మీ వాడి 'టి'ని చూడరు, వాడితో మాట్లాడతారు.

చివరిగా సంతకం. దాన్ని మాత్రం మార్చనివ్వకండి. రేపు జేఈఈ దరఖాస్తులో సంతకం స్కాన్ చేసి పెట్టాలి, పరీక్ష హాల్లో మళ్లీ చెయ్యాలి. రెండూ ఒకలా లేకపోతే ఇన్విజిలేటర్ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది వాడు. సంతకం తేడా వస్తే ఏమవుతుందో మీవారికి నేను చెప్పక్కర్లేదు, రోజుకు ఎన్ని చెక్కులు ఆ కారణంతోనే వెనక్కి పంపుతారో ఆయన్నే అడగండి.